కవచం కోసం వేలంపాట

1915 ఏప్రిల్‌లో లండన్‌లోని క్రిస్టీస్ వేలంశాలలో, రెడ్‌క్రాస్ సహాయార్థం జరిగిన పాటలో, ఒక ఖాళీ కాన్వాసును అమ్మకానికి పెట్టారు. దాన్ని గెలుచుకున్నవారు ఎవరి చిత్రాన్ని కోరితే వారి చిత్రాన్ని దానిపై వేసి ఇస్తానని ఆనాటి ప్రసిద్ధ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ మాట ఇచ్చాడు. ఐర్లాండ్‌కు చెందిన కళాసేకర్త హ్యూ లేన్ దానికి పదివేల పౌండ్లు పాడాడు. ఎవరి బొమ్మ వేయించుకోవాలో అతడు తేల్చుకోకముందే, మే 7న జర్మన్ జలాంతర్గామి దాడికి మునిగిపోయిన లూసిటేనియా ఓడలో ప్రాణాలు కోల్పోయాడు. చివరికి అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ చిత్రాన్ని వేయించాలని నిర్ణయించారు. సార్జెంట్ 1917లో దాన్ని పూర్తి చేశాడు. అది నేటికీ డబ్లిన్‌లోని ఐర్లాండ్ జాతీయ చిత్రశాలలో ఉంది. పాట పాడినవాడు తాను కొన్న చిత్రాన్ని చూడనే లేదు.

ఈ సంగతిని ముందుగా చెప్పడానికి కారణం ఉంది. 2025 మే నెలలో, గోరంట్ల మండలంలోని ఒక తండా నుంచి సైన్యంలో చేరిన యువకుడు నియంత్రణ రేఖ వద్ద జరిగిన కాల్పుల్లో మరణించిన తరువాత, అనంతపురంలోని మా మిత్రబృందంలో ఒక ఆలోచన పుట్టింది. మన ప్రాంతపు చిత్రకారులు, శిల్పులు, తోలుబొమ్మల కళాకారుల పనులను సేకరించి వేలం వేద్దామని, వచ్చిన డబ్బుతో సైనికులకు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు కొని పంపుదామని ఆ ఆలోచన. అది ఎంత మంచి మనసుతో పుట్టిందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ మాట అన్న రోజు నేనూ అక్కడే ఉండి అందరికంటే ముందు తల ఊపాను. ఆ తరువాత ఇలాంటి వేలాలు ఇతర దేశాలలో ఎలా నడిచాయో, కవచం అనే వస్తువు ఎలా పనిచేస్తుందో శ్రద్ధగా చదివినప్పుడు, మన వేలం జరగాలన్న పట్టుదల నాలో ఇంకా పెరిగింది. కానీ దాని డబ్బు వెళ్లవలసిన దారి వేరని కూడా అర్థమైంది. ఆ దారి గురించే ఈ వ్యాసం.

ఈ తరహా సేకరణ నేటి కాలంలో అత్యంత విస్తారంగా జరిగిన దేశం ఉక్రెయిన్. అక్కడ 2014లో తూర్పు ప్రాంతంలో యుద్ధం మొదలైనప్పుడు సైన్యం దగ్గర సరైన జాకెట్లు, హెల్మెట్లు చాలినన్ని లేవు. విటాలీ దేనెగా అనే ఐటీ ఉద్యోగి జాకెట్లు కొని, వాటిమీద 'ప్రాణాలతో తిరిగి రా' అన్న అర్థం వచ్చే మాట రాసి పంపాడు. ఆ మాటే తరువాత ఆ దేశంలోని అతి పెద్ద దాతృత్వ సంస్థలలో ఒకదానికి పేరైంది. ఆ సంస్థ తనకు వచ్చిన ప్రతి మొత్తాన్నీ, చేసిన ప్రతి ఖర్చునూ బహిరంగంగా చూపించే పద్ధతిని పాటించింది. ఒక పౌరుడు సొంత జేబుతో మొదలుపెట్టిన పని అంత పెద్ద సంస్థగా ఎదగడానికి దేశభక్తి ఎంత కారణమో, ఆ లెక్కల పుస్తకం తెరిచి ఉంచడం కూడా అంతే కారణమని నేను నమ్ముతున్నాను.

చిత్రకళ వైపు నుంచి చూస్తే, నన్ను అన్నిటికంటే కదిలించినది మరియా ప్రిమచెంకో కథ. ఆమె చెర్నోబిల్ దగ్గరలోని బొలోత్న్యా అనే పల్లెలో జీవించిన జానపద చిత్రకారిణి. పూలు, పక్షులు, ఎవరూ చూడని వింత జంతువులు ఆమె చిత్రాలలో పండుగనాటి ముగ్గుల్లా పరుచుకుని ఉంటాయి. 2022 ఫిబ్రవరి చివరలో ఇవాంకివ్ పట్టణంలోని మ్యూజియం దాడుల్లో కాలిపోయింది. ఆమె చిత్రాలు కొన్ని అందులో ఉన్నాయి. స్థానికులు మంటల్లోకి వెళ్లి వాటిలో కొన్నింటిని బయటికి తెచ్చారు. అదే సంవత్సరం మే నెలలో, చెర్నోబిల్ నాలుగో రియాక్టరు చుట్టూ పూలు పూసినట్టుగా ఆమె 1990లో వేసిన చిత్రం సహాయార్థ వేలంలో 5 లక్షల డాలర్లు పలికింది. ఆ డబ్బు సెర్హీ ప్రితులా ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ ద్వారా సైన్యానికి వాహనాలుగా మారింది. 1997లో కన్నుమూసిన ఒక పల్లెటూరి స్త్రీ కుంచె, పాతికేళ్ల తరువాత తన దేశపు సైనికులకు బండ్లు కొనిపెట్టింది. ఆ చిత్రాన్ని కొన్నవారికి అది చేరింది, సైనికులకు వాహనాలు చేరాయి, మ్యూజియంలో కాలిపోయిన చిత్రాల వార్త చదివి బాధపడిన సామాన్యులకు తమ కళ ఇంకా బతికే ఉందన్న ధైర్యం చేరింది.

అదే దేశంలో ఒలెక్సాండర్ క్లిమెంకో, సోఫియా అత్లాంతోవా అనే చిత్రకార దంపతులు మరో మార్గం తొక్కారు. యుద్ధరంగంలో మందుగుండు ఖాళీ అయిన తరువాత మిగిలిన చెక్క పెట్టెల మూతలు, పాతకాలపు దేవతా చిత్రాలు వేసే పలకలను పోలి ఉన్నాయని గమనించి, ఆ మూతల మీదనే క్రీస్తు, మేరీమాత చిత్రాలు వేశారు. వాటిని ఎన్నో దేశాలలో ప్రదర్శించి, అమ్మిన డబ్బును పిరగోవ్ పేరిట నడిచే స్వచ్ఛంద సంచార వైద్యశాలకు ఇచ్చారు. అక్కడ డబ్బు కవచం కొనడానికి కాకుండా, కవచం ఆపలేకపోయిన గాయానికి చికిత్స చేయడానికి వెళ్లింది. మా చర్చకు ఈ తేడా చాలా ముఖ్యమని నాకు తరువాత తెలిసింది.

ఇక్కడ ఒక ధర్మసందేహాన్ని దాటవేయకూడదు. కవచం ప్రాణాన్ని కాపాడే వస్తువే కదా, దానికి విరాళం ఇవ్వడం ఆయుధానికి ఇచ్చినట్టు ఎలా అవుతుంది అని చాలామంది అడుగుతారు. ప్రపంచం మాత్రం దాన్ని పూర్తిగా అలా చూడదు. ఆయుధాల ఎగుమతులపై అదుపు కోసం కొన్ని దేశాలు కలిసి చేసుకున్న, 2017 డిసెంబరులో భారతదేశం కూడా సభ్యత్వం పొందిన వాసెనార్ ఏర్పాటులోని సైనిక సామగ్రి జాబితాలో, సైనిక స్థాయి రక్షణ కవచాలకు ఒక ప్రత్యేక విభాగమే ఉంది. వాటిని దేశం దాటించాలంటే అనుమతులు కావాలి. 2022 ఫిబ్రవరిలో యుద్ధం విస్తరించిన రోజునే, పైన చెప్పిన 'ప్రాణాలతో తిరిగి రా' సంస్థ పేజీని, ఇంటర్నెట్‌లో చందాలు సేకరించుకునే పేట్రియాన్ అనే వేదిక నిలిపివేసింది. సైనిక సామగ్రికి డబ్బు సేకరించడం తమ నిబంధనలకు విరుద్ధమని కారణం చెప్పింది. నా మటుకు నేను, మన బిడ్డ గుండెకు అడ్డంగా ఒక పలక పెట్టడంలో ఏ తప్పూ లేదనే అంటాను. అయితే ఆ పలకను ఎవరు కొనాలి, ఎవరు పరీక్షించాలి అన్నది మరో ప్రశ్న.

ఆ ప్రశ్న ఎందుకు వస్తుందో తెలియాలంటే జాకెట్ లోపల ఏముందో తెలియాలి. మెత్తని భాగం అరమిడ్ వంటి బలమైన దారాలతో నేసిన పొరల కట్ట. కెవ్లార్ అని మనం వినే దారాన్ని 1965లో డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ కనుగొన్నది. ఈ పొరలు పిస్తోలు గుండును, చిన్న ముక్కలను పట్టుకోగలవు గానీ రైఫిల్ తూటాను ఆపలేవు. అందుకోసం ఛాతీమీద, వీపుమీద గట్టి పలకలు అమరుస్తారు. ముందు వైపు ఉండే సిరామిక్ పొర, అంటే బోరాన్ కార్బైడ్ గానీ అల్యూమినా గానీ, తూటా మొనను పగలగొట్టి తానూ పగులుతుంది. వెనుక ఉండే పాలిథిలిన్ లేదా అరమిడ్ పొర ఆ ముక్కలను పట్టి ఆపుతుంది. సిరామిక్ గట్టిదే గానీ పెళుసు. నేలమీద పడేస్తే కంటికి కనిపించని పగులు రావచ్చు. పాలిథిలిన్‌కు ఎక్కువ వేడి పడదు. అరమిడ్‌ను తేమ, ఎండ బలహీనపరుస్తాయి. బయటి నుంచి చూస్తే మంచి జాకెట్టూ చెడిపోయిన జాకెట్టూ ఒకేలా కనిపిస్తాయి.

ఈ విషయంలో చరిత్ర చెప్పే పాఠం కఠినమైనది. మొదటి ప్రపంచయుద్ధంలో, పత్రికలలో ప్రకటనలు చూసి ఇంగ్లండ్‌లోని కుటుంబాలు తమ పిల్లలకు ప్రైవేటు కంపెనీల ఛాతీ కవచాలు కొని పంపాయి. వాటిలో చాలావాటికి రైఫిల్ తూటాను ఆపే శక్తి లేదు. ఇరాక్ యుద్ధ సమయంలో అమెరికాలో సైనికుల తల్లిదండ్రులు సొంత డబ్బుతో జాకెట్లు కొని పంపే పరిస్థితి వచ్చింది. 2004లో వారి కాంగ్రెస్ ఆ ఖర్చును తిరిగి చెల్లించేలా చట్టం చేసింది. 2006 మార్చిలో ఆ సైన్యమే, తాను జారీ చేయని కవచాలను సైనికులు ధరించకూడదని ఆదేశించింది. జైలాన్ అనే దారంతో చేసిన జాకెట్ల కథ ఇంకా బాధాకరం. 2003లో అమెరికాలో ఒక పోలీసు అధికారి ధరించిన అలాంటి జాకెట్టును తూటా దాటింది. వేడి, తేమల వల్ల ఆ దారం బలం తగ్గిపోతుందని పరీక్షల్లో తేలి, 2005లో దానితో చేసిన జాకెట్లకు అక్కడి ప్రామాణిక గుర్తింపు తొలగించారు. అవి ప్రమాణాలకు తగినట్టు పరీక్షించి అమ్మిన జాకెట్లే. అన్ని ప్రయోగశాలలు ఉన్న దేశంలోనే అలా జరిగినప్పుడు, వేలంలో వచ్చే ఏ నాలుగు లక్షల రూపాయలో చేతబట్టుకుని ఇంటర్నెట్‌లో జాకెట్లు వెతికే మనకు ఏ అర్హత ఉంది?

మన దేశంలోని పరిస్థితిని కూడా ఉన్నది ఉన్నట్టు చూడాలి. కొరత అన్నది ఎవరో పుట్టించిన మాట కాదు. 1962లో నూలు దుస్తులతో, కాన్వాసు బూట్లతో మన సైనికులు హిమాలయాల చలిలో నిలబడవలసి వచ్చింది. 2009లో 1,86,138 బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు అవసరమని తేల్చిన తరువాత, పరీక్షలలో నెగ్గినవి దొరికి 639 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరేసరికి 2018 ఏప్రిల్ వచ్చింది. సియాచిన్ వంటి చోట్ల పనిచేసేవారి మంచు కళ్లద్దాలు, బూట్ల కొరతను ఎత్తిచూపిన కాగ్ (ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే సంస్థ) నివేదిక 2020లో పార్లమెంటు ముందుకు వచ్చింది. ఈ సంగతులు చదివినవారికి కడుపు మండటం సహజం, మండాలి కూడా. అయితే ఆ 639 కోట్లను జాకెట్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కోటి దాదాపు 34 వేల రూపాయలు. అంత పెద్ద మొత్తంలో కొన్నందువల్ల వచ్చిన ధర అది. మన ప్రయత్నంతో విడిగా పది జాకెట్లు కొనగలిగినా, ఏ యూనిట్ వాటిని స్వీకరిస్తుంది, ఎవరు ధరిస్తారు, పక్కవాడికి లేనిది తనకు మాత్రం ఉన్న సైనికుడి మనసు ఎలా ఉంటుంది? తొమ్మిదేళ్ల ఆలస్యానికి జవాబు మన వేలం కాదు. ఎన్నికైన ప్రతినిధిని నిలదీసి అడగడం. ఆ రెండు పనులనూ కలిపేస్తే రెండూ చెడతాయి.

ఈ సందర్భంలో వాట్సాప్ సందేశాల గురించి చెప్పక తప్పదు. 2025 ఏప్రిల్‌లో, సైన్యపు ఆధునికీకరణ కోసం ప్రభుత్వం ఒక బ్యాంకు ఖాతా తెరిచిందని, ప్రతి పౌరుడూ అందులో డబ్బు వేయాలని ఒక సందేశం మా కాలనీ గ్రూపుల్లో కూడా తిరిగింది. అది తప్పుదారి పట్టించే సందేశమని, అందులోని ఖాతా వివరాలు కూడా సరైనవి కావని రక్షణ మంత్రిత్వ శాఖ ప్రకటించవలసి వచ్చింది. పోరాటంలో మరణించిన, తీవ్రంగా గాయపడిన సైనికుల కోసం ఒక సంక్షేమ నిధి నిజంగానే ఉంది. ఆయుధాలు కొనడానికి కాదు. మనం వేలం ప్రకటించిన మరునాడే మన పేరుతో మరొకరు ఖాతా నంబరు పంచే అవకాశం ఉందని గుర్తుంచుకోవాలి.

పౌరులు వస్తురూపంలో సాయం చేయడానికి దారే లేదని నేను అనడం లేదు. పుణెకు చెందిన ఒక విశ్రాంత దంపతులు, ఇల్లాలి నగలు అమ్మి మొదలుపెట్టి, ఎందరి దగ్గరో విరాళాలు సేకరించి, సియాచిన్ సైనికులకు వైద్యం అందించే ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్లాంటు ఏర్పాటు చేయించారు. 2019లో అది పనిచేయడం మొదలైంది. వారు సైన్యాన్ని ఏం కావాలో అడిగి, సైన్యం చెప్పినదాన్నే, సైన్యం ఒప్పుకున్న పద్ధతిలో ఇచ్చారు. అడగడం అన్న ఆ మొదటి మెట్టు మా మిత్రుల ప్రణాళికలో లేదు.

అందుకని నేను మా వీధిలో ఉండే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన హవల్దారుగా పదవీ విరమణ చేశారు. కశ్మీరులో చాలాకాలం పనిచేశారు. జాకెట్ల బరువు గురించి అడిగితే ఆయన మరో సంగతి చెప్పారు. "బరువు గురించి అందరూ మాట్లాడతారు నాయనా, సైజు గురించి ఎవరూ మాట్లాడరు. నేను పొట్టోణ్ణి. ఎదమీద ఉండాల్సిన ప్లేటు నాకు కడుపు మీదికి జారేది. అట్లాంటప్పుడు అది ఎంత మంచిదైతే ఏం లాభం?" అన్నారు. మీరైతే ఈ డబ్బు ఎటు పంపుతారని అడిగాను. "కాలు పోయినోనికి మంచి కాలు పెట్టించండి. ఇంటికొచ్చినాక వాణ్ణి ఎవరూ అడగరు. జాకెట్టు ఇయ్యాల్సింది సర్కారు, అది వాళ్లను అడుగుదాం" అన్నారు. నేను పుస్తకాలలో వెతుక్కుంటూ చేరిన చోటికి ఆయన తన అనుభవంతో ఎప్పుడో చేరి ఉన్నారు.

ఇక కళాకారుల మాట. ఏ వేలమైనా వారితోనే మొదలవుతుంది, కానీ దాతల జాబితాలో వారి పేరు చివరన ఉంటుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు దేశమంతటా పేరుంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును శుభ్రం చేసి, వెలుతురు ఆవలికి కనిపించేంత పలుచగా చేసి, చిన్న ఉలులతో చిల్లులు కొట్టి, రంగులు అద్ది ఒక పెద్ద బొమ్మను పూర్తి చేయడానికి ఎన్నో రోజులు పడుతుంది. ఆటకు ఆదరణ తగ్గి, చాలా కుటుంబాలు దీపాలకు తొడుగులు, గోడకు తగిలించుకునే బొమ్మలు చేసి బతుకుతున్నాయి. అక్కడ ఒక కళాకారుణ్ణి మన వేలం గురించి అడిగాను. "మిలిట్రీ వాళ్లకంటే ఊరికే ఇస్తాం సార్, కాదంటామా. అయితే తోలు మేం కొనుక్కోవల్ల కదా" అన్నాడు. ఆ మాటలో ఫిర్యాదు లేదు. తన లెక్క తాను చెప్పాడంతే. వస్తువును విరాళంగా ఇచ్చినవారికి ఆదాయపు పన్నులో విరాళాలకు ఇచ్చే మినహాయింపు కూడా వర్తించదు. డబ్బున్నవారు ఇచ్చే చెక్కుకు రాయితీ ఉండి, చేతిపనివాడు ఇచ్చే శ్రమకు లేకపోవడం నాకు న్యాయంగా తోచదు. కనుక కళాకారుడు తన బొమ్మకు తానే ధర చెప్పాలి, ఆ ధర మొదట అతనికి చేరాలి, దానికి మించి పాట పలికినదే సహాయ నిధికి వెళ్లాలి. అతను తనంతట తానుగా మొత్తం వదులుకుంటానంటే అది అతని ఔదార్యం. మనం దాన్ని నియమంగా పెట్టకూడదు.

ఇలా చేస్తే వసూలు తగ్గిపోతుందని మిత్రులలో ఒకరు అభ్యంతరం చెప్పారు. వేలంపాట మనకు కొత్త కాదు కదా. బాలాపూర్ వినాయకుడి లడ్డూ 1994లో 450 రూపాయలు పలికింది, 2024లో 30 లక్షల 1 వెయ్యి రూపాయలు పలికింది; మన జిల్లాలలోని ఊళ్లలో కూడా చవితి పందిళ్ల దగ్గర లడ్డూ పాటలు జరుగుతూనే ఉన్నాయి. అక్కడ పాడేవారెవరూ శనగపిండికీ చక్కెరకూ లెక్క కట్టరు. వస్తువు విలువకు మించి ఇచ్చేదంతా ఊరికి ఇస్తున్నామని అందరికీ తెలుసు, ఆ డబ్బుతో ఊళ్లో ఏం కట్టారో మరుసటి ఏడు అడుగుతారు కూడా. తోలుబొమ్మ దగ్గర మాత్రం మనవాళ్లు చేయి ముడుచుకుంటారని నేను అనుకోను.

డబ్బు వెళ్లవలసిన చోటు గురించి నా ప్రతిపాదన ఇది. 1949 నుంచి ప్రతి డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుపుకుంటున్నాం. బడిలో చిన్న జెండా కాగితాన్ని జేబుకు గుచ్చుకుని డబ్బాలో నాణెం వేసిన జ్ఞాపకం మా తరంలో చాలామందికి ఉంటుంది. ఆ నిధి గాయపడినవారికి, అమరుల కుటుంబాలకు, మాజీ సైనికులకు ఉపయోగపడుతుంది. దానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమే మన దగ్గరి వాకిలి. వేలాన్ని నవంబరు చివరలో పెట్టుకుని, వచ్చినదాన్ని పతాక దినోత్సవం నాటికి ఆ కార్యాలయం ద్వారా జమ చేద్దాం. పాట డబ్బు మనలో ఎవరి సొంత ఖాతాలోకీ రాకూడదు. నిధికి ఇచ్చే భాగాన్ని పాడినవారే చెక్కు రూపంలో నేరుగా నిధి పేరిట రాయాలి, కళాకారుడి ధరను కళాకారుడికే చెల్లించాలి. ప్రతి బొమ్మ కింద ఉంచే కాగితం మీద కళాకారుడి పేరు, అతను చెప్పిన ధర, పాట ఆగిన మొత్తం, నిధికి చేరిన మొత్తం, రసీదు సంఖ్య తెలుగులో రాసి, వారం లోపల అందరికీ కనిపించేలా పెట్టాలి. జాకెట్ల విషయమై మన పార్లమెంటు సభ్యులకు ఒక వినతిపత్రం వేరుగా రాసి, వేలానికి వచ్చినవారిలో ఇష్టపడినవారి సంతకాలు తీసుకోవాలి.

హవల్దారు పెద్దాయన మొదటి పాట తానే పాడతానన్నారు. నిమ్మలకుంట నుంచి రెండు కుటుంబాలు బొమ్మలు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. కడప, కర్నూలు వైపు చిత్రకారులు, ఆళ్లగడ్డ శిల్పులు ఎవరైనా ఇది చదివితే, తమ పనిని దానంగా కాక తమ ధర చెప్పి పంపమని కోరుతున్నాను. వేదిక కోసం ఒక కళాశాల ఆవరణను అడిగాం. జవాబు రాగానే తేదీ రాస్తాను.